ఆంధ్రా ఊటీ కాదు, అరకు

అరకులోయ మీద తెలుగులో వచ్చిన యాత్రా కథనాలు, టూరిజం కరపత్రాలు, సినిమా మాటలు తిరగేస్తే ఒక పేరు తప్పకుండా తగులుతుంది: ‘ఆంధ్రా ఊటీ’. లంబసింగిని ‘ఆంధ్రా కశ్మీర్’ అంటున్నట్టే ఇదీ. అనేవాళ్లు పొగడ్తగానే అంటారు. మన పిల్లలు కూడా బడిలో వ్యాసరచన పోటీకి కూర్చుంటే ఈ మాటతోనే మొదలుపెడుతున్నారు.

ఈ పొగడ్తను ఒకసారి దగ్గరగా పరిశీలించాలని మా ప్రయత్నం. ఒక ఊరికి బయటివాళ్లు ఏ పేరు పెట్టారో చూస్తే ఆ ఊరి భూమి గురించి, మనుషుల గురించి వాళ్లు ఏమనుకుంటున్నారో తెలుస్తుంది. మన కళ్లముందే వరి పల్లాలు, చోళ్ల గరువులు లాడ్జీలుగా, దుకాణాలుగా మారి ఒక పట్నం తయారైంది. ఆ మార్పు కథను ఎవరు ఎలా చెబుతున్నారు, అందులో ఏది చెప్పకుండా వదిలేస్తున్నారు అన్నది ఆదివాసీ యువత, ఉపాధ్యాయులు తేల్చుకోవాల్సిన విషయం.

ఊటీలో ఏం జరిగింది?

మన లోయను ఊటీతో పోల్చేవాళ్లు ఊటీ కథ పూర్తిగా చెప్పరు. నీలగిరి కొండల మీద తోడాలు గేదెలు మేపుకునేవారు. కోటాలు కుండలు, పనిముట్లు చేసేవారు. బడగలు సేద్యం చేసేవారు. కురుంబలు, ఇరుళలు అడవి అంచున బతికేవారు. 1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ ఆ కొండలెక్కాడు. 1822లో అక్కడ రాతి బంగళా కట్టడం మొదలుపెట్టాడు. తోడాల మేత భూమిని ఎకరం రూపాయి చొప్పున కొన్నాడని చరిత్రకారులు రాస్తారు. తర్వాత అది మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. ఇప్పుడు తోడాల జనాభా రెండు వేల ప్రాంతంలో ఉంది. ఊటీ వెళ్లివచ్చిన చాలామందికి తోడాలు గుర్తుండేది తెల్ల శాలువా మీద ఎరుపు, నలుపు కుట్టుపనిగా మాత్రమే.

అంటే ‘ఊటీ’ అన్నది చల్లగాలికి పెట్టిన పేరు మాత్రమే కాదు. కొండ మీది మనుషుల నేల కింది మనుషుల విడిదిగా మారిన పద్ధతికి కూడా అదే పేరు. మనల్ని ‘ఆంధ్రా ఊటీ’ అని మెచ్చుకున్నప్పుడు, మరి తోడాల స్థానంలో ఎవరున్నారు అని అడగడం మన హక్కు. అదృష్టవశాత్తూ మన కథ ఊటీలా ముగిసిపోలేదు. మనకు చట్టం ఉంది, సంఖ్య ఉంది, చదువుకున్న తరం ఉంది. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి.

పేర్లలో ఉన్న చరిత్ర

పట్నం వచ్చాకే ఇక్కడ రకరకాల జనం కలిసి బతకడం నేర్చుకున్నారని, అంతకుముందు ‘మారుమూల అమాయక గిరిజనులు’ మాత్రమే ఉండేవారని చాలా రాతలు తేల్చేస్తాయి. మన ఊళ్ల పేర్లే దీన్ని ఒప్పుకోవు. కంఠబంసుగుడ, శిమిలిగుడ అంటున్నప్పుడు ‘గుడ’ అన్నది చిన్న పల్లె. ఎండపల్లివలసలో ‘వలస’ ఉంది. ఎక్కడి నుంచో కదిలివచ్చి కట్టుకున్న ఊరని ఆ పేరే చెబుతుంది. ముంచంగిపుట్టులో ‘పుట్టు’, పెదబయలులో ‘బయలు’ ఉన్నాయి. రాకపోకలు, కొత్తగా వచ్చినవాళ్లకు చోటివ్వడం, పక్కపక్కన బతకడం ఈ కొండలకు కొత్త కాదు.

భాషల సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. ఒక సంతలో నిలబడి చెవి పెట్టండి. కువి, కొండ భాషలు ద్రావిడ కుటుంబానివి. గదబల గుతోబ్, పరెంగి పోర్జల గోరుమ్ ముండా కుటుంబానివి. అందరినీ కలిపే ఆదివాసీ ఒడియా ఇండో ఆర్యన్ కుటుంబానిది. పెద్ద నగరాల్లో భాషావేత్తలు వెతుక్కునే మూడు భాషా కుటుంబాలు మన సంతలో ఒకే చింతపండు బుట్ట దగ్గర బేరమాడుకుంటాయి. భగత, వాల్మీకి, కొండదొర, కోటియా, ఖోంద్, గదబ, పోర్జ, నూకదొర, కమ్మర... ఇన్ని తెగలు ఒకరి పండగకు ఒకరు వెళ్తూ, ఒకరి మాట ఒకరు నేర్చుకుంటూ బతికాయి. తగాదాలు, హెచ్చుతగ్గులు లేవని కాదు. అయినా వైవిధ్యం అనే మాటను మనకు నేర్పడానికి పట్నం అవసరం రాలేదు. కాబట్టి పట్నంతో కొత్తగా వచ్చింది ఏమిటో వేరే చోట వెతకాలి.

తోట, రైలు, పట్నం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి పద్మాపురం తోట వేశారు. ఇవాళ పర్యాటకులు టికెట్టు కొని తిరిగే తోట అదే. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపడానికి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. కొండల్ని తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి తెచ్చిన ఆ రైలు ఖనిజం కోసం వచ్చింది. మనం ఎక్కడం తర్వాతి సంగతి. 2017లో అదే దారిలో పర్యాటకుల కోసం అద్దాల బోగీ కూడా తగిలించారు. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు 516ఇ జాతీయ రహదారి పడుతోంది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. ప్రతి దశలోనూ కొత్త మనుషులు వచ్చారు: రైలు పనివాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, మైదానం వ్యాపారులు, ఒడిశా నుంచి కూలీలు, ఆ తర్వాత లాడ్జీలు, హోటళ్లు, టెంట్లు.

ఇక్కడ ఒక మామూలు విషయాన్ని రాతలన్నీ దాటేస్తాయి. కొండ ప్రాంతంలో బస్టాండు, లాడ్జి, ఆఫీసు కట్టడానికి చదును నేల కావాలి. మన లోయలో చదును నేల అంటే వరి పండే పల్లం, లేదా చోళ్లు, సామలు, వలిసెలు పండే గరువు. కొండవాలు పోడులో ఎవరూ హోటల్ కట్టరు. అంటే పట్నం పెరిగిన ప్రతి అడుగూ మన తిండి పండే నేల మీదే పడుతుంది. ‘ఖాళీ స్థలంలో అభివృద్ధి’ అన్న మాట మన లోయలో నిజం కావడానికి వీల్లేదు. ఖాళీ స్థలం అన్నదానికి ఒక పేరుంది, ఒక పంట ఉంది, దున్నిన ఇంటిపేరు ఉంది.

పేరు మనది, తాళం వాళ్లది

చట్టం ప్రకారం ఈ పట్నం ఇలా పెరగకూడదు. ఏజెన్సీలో భూమి చేతులు మారకుండా 1917లోనే ఒక చట్టం వచ్చింది. 1959లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని సవరించినదే మనందరం 1/70 అని పిలిచేది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి వెళ్లకూడదనడంతో అది ఆగలేదు. గిరిజనేతరుల మధ్య బదలాయింపు కూడా చెల్లదంది. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, అతను రుజువు చేసేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలంది. దీన్ని సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. 1997 జులై 11న సమత కేసులో ఇంకో అడుగు వేసింది. అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. దేశమంతా చదువుకునే ఆ తీర్పు మన పక్క మండలం నుంచి పుట్టింది.

ఇంత చట్టం ఉండగా పట్నం ఎలా పెరిగింది? మన యువతలో చాలామంది ‘అమ్మకం తప్పు గానీ లీజు ఫర్వాలేదు’ అనుకుంటారు. ఇది పొరపాటు. నిబంధనలో బదలాయింపు అన్న మాటకు ఇచ్చిన అర్థంలో అమ్మకం, తనఖాతో పాటు లీజు, దానం, మార్పిడి కూడా ఉన్నాయి. అయినా బాండు పేపరు మీద ఏళ్ల తరబడి లీజులు రాసుకుంటున్నారు. గిరిజనుడి పేరు మీద కరెంటు మీటరు, గిరిజనుడి పేరు మీద అనుమతి, పెట్టుబడి మాత్రం మరొకరిది. బినామీ అనే మాట మన పల్లెల్లో ముసలివాళ్లకు కూడా తెలుసు. బోర్డు మీద పేరు మనది, తాళం వాళ్లది.

దీన్ని రాసేటప్పుడు రెండు తప్పుదారులు ఉంటాయి. ఒకటి, వచ్చినవాళ్లంతా దోపిడీదారులే అని రాయడం. టీ కొట్టు పెట్టుకున్నవాడు, గోడ కట్టే మేస్త్రి, ఆసుపత్రి నర్సు, వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి మన పిల్లలతో ఒకే బెంచీ మీద చదువుకుంటున్నారు. వాళ్లతో మన గొడవ లేదు. రెండోది, ‘అందరం కలిసి ఉంటున్నాం కదా, ఇంకా భూమి గొడవ ఎందుకు’ అని రాయడం. కలిసి ఉండడం మంచిదే. కానీ ఒకరు యజమానిగా, ఒకరు తమ సొంత పొలంలో కట్టిన లాడ్జికే వాచ్‌మన్‌గా ఉంటే ఆ కలయికకు వైవిధ్యం అని పేరు పెట్టలేం. పట్నంతో కొత్తగా వచ్చినది ఈ అసమానత. సంతలో ఉన్న వైవిధ్యంలో ప్రతివాళ్లూ తమ పంటతో వచ్చి కూర్చునేవారు. పట్నం వైవిధ్యంలో మనం ఖాళీ చేతులతో కూర్చుంటున్నాం.

వలిసె పూలు, బొంగు చికెన్, థింసా

బయటి చూపు మన జీవితాన్ని ఎలా మార్చి చూపిస్తుందో మూడు ఉదాహరణలు చూద్దాం.

నవంబరు, డిసెంబరుల్లో లోయ పసుపుపచ్చగా మారుతుంది. ‘అరకు పూలతోటలు’ అని ఫోటోలు తీస్తారు. అవి తోటలు కావు, వలిసె చేలు. నూనెగింజ పంట. పూత మీద ఉన్నప్పుడు జనం లోపలికి దిగి తొక్కితే గింజ రాలిపోతుంది. కొందరు రైతులు మనిషికి ఇంత అని డబ్బు తీసుకుని లోపలికి వదులుతున్నారు. అది వాళ్ల తెలివి, తప్పు పట్టలేం. కానీ నూనె కోసం వేసిన పంట ఫోటో కోసం వేసే పంట అయితే, రేపు ఫోటోల మోజు తీరాక ఆ నేలకు విలువ ఏమని చెబుతారు? అప్పుడు లాడ్జివాడు చెప్పే విలువ ఒక్కటే మిగులుతుంది.

బొంగు చికెన్ సంగతీ అంతే. అడవికి, పొలానికి వెళ్లినప్పుడు గిన్నె లేకుండా వెదురు బొంగులో వండుకునే పద్ధతి అది. ఇప్పుడు రోడ్డు పొడవునా అమ్ముతున్నారు. మన యువకులకు అందులో నాలుగు డబ్బులు వస్తున్నాయి. ఆ సంపాదనను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే చోడి అంబలి, సామల అన్నం, కంద, అడవి ఆకుకూరలు తిన్న జనం గురించి బయటి రాతల్లో మిగిలింది ఆ ఒక్క వంటకమే.

థింసా చైత్రమాసపు ఇటుకల పండగలో, పెళ్లిళ్లలో ఆడే ఆట. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతుంటే ఊరంతా చేతులు కలిపి వలయంగా తిరుగుతారు. వలయంలో చూసేవాడు ఉండడు, ఆడేవాడే ఉంటాడు. హోటల్ పచ్చికలో అదే ఆట వరుసగా మారింది, ముందు కుర్చీలు వచ్చాయి. పర్యాటకుల ముందు ఆడే ఆడవాళ్లకు కూలి వస్తుంది. వాళ్లకు మంచి కూలి, గౌరవం దక్కాలి. మా విమర్శ వాళ్ల మీద కాదు. థింసా అంటే స్వాగత నృత్యం అని పాఠ్యాంశాల్లో, పత్రికల్లో రాసేస్తున్నవాళ్ల మీద.

గిరిజన మ్యూజియంలో మన వంట, వేట, పెళ్లి, ఆట బొమ్మల రూపంలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకువెళ్లి చూపించాల్సినదే. దాంతోపాటు ఈ పట్నం ఏ పొలాల మీద లేచిందో, 1/70 ఏమిటో, సమత తీర్పు ఏమిటో చెప్పే గది కూడా అక్కడ ఉండాలని మేము కోరుతున్నాం. బొమ్మల్లో మనం గతంలా కనబడతాం. బయట టికెట్టు కౌంటర్ దగ్గర నిలబడినదీ మనమే.

కాఫీ చెప్పే పాఠం

పట్నాన్ని, మార్కెట్టును మొత్తంగా కాదనాలని మేము చెప్పడం లేదు. కాఫీని చూడండి. అది కూడా బయటి నుంచి వచ్చిన పంటే. ప్రభుత్వ శాఖలు తెచ్చాయి, కాఫీ బోర్డు, ఐటీడీఏ నేర్పాయి, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటోంది, స్వచ్ఛంద సంస్థలు విదేశీ మార్కెట్టు చూపించాయి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ధర దగ్గర, దళారుల దగ్గర ఇప్పటికీ రైతులకు ఎన్నో ఇబ్బందులున్నాయి. అవి వేరే వ్యాసానికి సరిపోతాయి.

అయినా లాడ్జికీ కాఫీకీ ఒక పెద్ద తేడా ఉంది. కాఫీలో అమ్ముడుపోయేది గింజ. నేల మన దగ్గరే ఉంటుంది. సిల్వర్ ఓక్ నీడలో మిరియం తీగ, పక్కన పసుపు, అల్లం, మళ్లీ ఏడాది మళ్లీ పంట. లాడ్జిలో అమ్ముడుపోయేది నేలే. ఒకసారి పోయిన పల్లం మళ్లీ వరి పండదు. పైగా కాఫీ మన లోయ పేరును తన సొంత పేరుతోనే ప్రపంచానికి తీసుకెళ్లింది. పారిస్‌లో ఆ దుకాణం మీద ‘ఆంధ్రా ఊటీ కాఫీ’ అని రాయలేదు, ‘అరకు’ అని రాశారు. ఏ అభివృద్ధి పథకం వచ్చినా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇందులో అమ్ముడుపోయేది పంటా, నేలా?

మన లోపలి వైపు

విమర్శ బయటివాళ్ల దగ్గరే ఆగితే సగమే. పట్నంతో వచ్చిన చదువు, ఉద్యోగం, కాంట్రాక్టు, పదవి మన తెగలన్నిటికీ సమానంగా అందలేదు. రోడ్డు పక్క ఊళ్లకు, ముందు చదువుకున్న కుటుంబాలకు ఎక్కువ అందాయి. గుతోబ్ గదబలు, పరెంగి పోర్జలు, కొండ మీది ఖోంద్ గూడేలు ఇంకా డోలీ మోస్తూ ఉన్నాయి. భూమి లీజుకు రాసే చేయి కూడా కొన్నిసార్లు మన చేయే. ఆ డబ్బు పెళ్లికో, ఆసుపత్రికో, ఇంజినీరింగ్ ఫీజుకో అవసరమై రాస్తారు. ఆ అవసరాన్ని అర్థం చేసుకోకుండా ‘భూమి అమ్మకండి’ అని ఉపన్యసిస్తే ఎవరూ వినరు. అవసరానికి అప్పు పుట్టే దారి, సంఘం, సహకారం మన మధ్యే కట్టుకోవాలి.

భాష విషయంలోనూ ఇదే పరిస్థితి. ఇరవై ఏళ్ల కిందట కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి భాషల్లో మన పిల్లలకు వాచకాలు వచ్చాయి. ఏజెన్సీ ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నెంబర్ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ జీవో కేవలం ఉద్యోగాల సంగతి కాదు. ఒకటో తరగతి పిల్ల ‘నీళ్లు కావాలి’ అని తన మాటలో అడిగితే అర్థమయ్యే టీచరు ఉండాలా వద్దా అన్న సంగతి. పట్నం భాష తెలుగు, హిందీ అయిపోతున్న కాలంలో బడి కూడా చేయి వదిలేస్తే ఆ పిల్ల తన భాషను సంతలోనే వదిలేసి వస్తుంది.

ఇది ఇంకా ఊరే

చివరిగా, చాలామంది గమనించని ఒక మాట. పట్నం అని మనం అంటున్నా, రాజ్యాంగం షెడ్యూల్డ్ ప్రాంతంలో పురపాలక సంఘాన్ని దానంతటదిగా రానివ్వదు. 243 జెడ్‌సి అధికరణ ప్రకారం దానికి పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. 2001లో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఇక్కడ చెల్లేది 1996 నాటి పెసా చట్టం. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపడానికి, పోయినదాన్ని తిరిగి తెప్పించడానికి గ్రామసభకు అధికారం ఉండాలని ఆ చట్టం చెబుతోంది. అంటే ఎన్ని అంతస్తులు లేచినా ఈ లోయలో మాట్లాడాల్సింది గ్రామసభే. సభ కాగితం మీదే జరిగి, సంతకాలు ఇంటికొచ్చి తీసుకుంటున్నంతకాలం ఈ బలం మనకు పనికిరాదు.

ఉపాధ్యాయులకు ఒక సూచన. పిల్లల చేత ‘ఆంధ్రా ఊటీ అందాలు’ అని వ్యాసం రాయించే బదులు, వాళ్ల గూడెం చుట్టూ ఉన్న పొలాల పేర్లు రాయించండి. ఏ పల్లం పేరేమిటి, ఏ గరువులో ఏం పండేది, ఏ చెట్టు కింద నిసాని రాయి ఉంది, ఇప్పుడు అక్కడ ఏముంది, కాగితం ఎవరి పేరున ఉంది. తాతలను, అవ్వలను అడిగి, వాళ్ల భాషలోనే రాయాలి. రెండు పేజీలు చాలు. పది బడులు ఈ పని చేస్తే ఈ పట్నానికి నిజమైన చరిత్ర పుస్తకం తయారవుతుంది. గ్రామసభలో ముందు పెట్టడానికి సాక్ష్యం కూడా అవుతుంది.

రాసే యువతకు ఇంకో మాట. అరకు మీద తెలుగు కథల్లో ఎక్కువసార్లు ఒక మనిషి రైల్లో వస్తాడు, పొగమంచు చూస్తాడు, ఒక అమాయకపు పిల్లను చూస్తాడు, తిరిగి వెళ్లిపోతాడు. లోపలి నుంచి రాసే ఆదివాసీ కథ ఎలా ఉంటుందో మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ వంటి సంపుటాలు చూపించాయి. మనవాళ్లు పోడు మీద, అడవి మీద బాగానే రాశారు. ఇప్పుడు పట్నాన్ని కూడా రాయాలి. లాడ్జి రిసెప్షన్‌లో కూర్చున్న మన అమ్మాయిని, జీపు నడిపే అబ్బాయిని, బాండు పేపరు మీద వేలిముద్ర వేసిన తండ్రిని, మైదానం నుంచి వచ్చి మన భాష నేర్చుకున్న పక్కింటావిడను రాయాలి. వాళ్లను అమాయకులుగానో, బాధితులుగానో కాకుండా, లెక్క తెలిసిన మనుషులుగా రాయాలి.

ఈ పట్నం వెనక్కి పోదు. పోవాలని మేమూ కోరడం లేదు. అందులో మన పిల్లలు చదువుకుంటున్నారు, మన పంట అమ్ముడుపోతోంది, మన రోగులు ఆసుపత్రికి చేరుతున్నారు. కానీ ఇది మరో ఊరికి నకలుగా పెరగాల్సిన పని లేదు. దీనికి సొంత పేరు ఉంది. ఆ పేరు కింద ఉన్న నేల ఎవరిదో రాసి పెట్టుకోవడం మన తరం పని.